పిల్లల కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మానాన్నల పేరు చేర్చాలా? మన గుడ్ల లెక్కలో చూద్దాం



ఈ వారం పాఠం ఆకు గురించీ కాదు, ఊజీ ఈగ గురించీ కాదు. మన ఇళ్లలో ఏడాదికి ఒకసారి ఫోన్‌లో వచ్చే ఒక ప్రశ్న గురించి.

గుడియాత్తం, పేర్ణాంబట్టు పక్క పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్ల పరిస్థితి ఒకటే. అమ్మానాన్నలు పురుగులు మేపుతారు, పిల్లలు బయట పనికి పోతారు. ఒకరు ఆంబూరులోనో పేర్ణాంబట్టులోనో చెప్పుల ఫ్యాక్టరీలో, ఇంకొకరు వేలూరులోనో బెంగళూరులోనో ఆఫీసులో. ఆఫీసులో ఉండే బిడ్డకు కంపెనీ వాళ్లు ఒక ఫారం ఇస్తారు: "మీకు, మీ భార్యకు, పిల్లలకు ఇన్సూరెన్సు మేమే కడతాం. అమ్మానాన్నలను చేర్చాలంటే ఇంత డబ్బు మీ జీతంలో కోస్తాం. ఈ నెలాఖరులోగా చెప్పండి."

బిడ్డ ఫోన్ చేస్తాడు. నాయన చెప్పేది మనకు తెలిసిందే: "ఊరికే పోయే దుడ్డు ఎందుకురా? ఆ దుడ్డుతో షెడ్డులో ఇంకో స్టాండు వేసుకుందాం." అమ్మ అంటుంది: "మాకేమైంది నాయనా, బాగానే ఉండాము." ఫారం అట్లే పోతుంది. మళ్లీ ఏడాది దాకా ఆ తలుపు తెరుచుకోదు.

నాయన మాట తప్పని మేము చెప్పడం లేదు. లెక్క వేయకుండా చెప్పిన మాట అని మాత్రం అంటున్నాం. అందుకే ఈరోజు లెక్క వేద్దాం.

*ముందు ఖర్చు, గుడ్లలో*

ఒక కుటుంబాన్ని ఉదాహరణకు తీసుకుందాం. అంకెలన్నీ లెక్క కోసం మేము వేసుకున్నవి. మీ అంకెలు మీరు పెట్టుకోండి.

నాయనకు 58, అమ్మకు 54. అమ్మకు చక్కెర ఉంది. ఒకటిన్నర ఎకరా మల్బరీ, పంటకు 250 గుడ్లు, ఏడాదికి 5 పంటలు, అంటే 1,250 గుడ్లు. వంద గుడ్లకు 70 కిలోల గూళ్లు, కిలో 500 రూపాయలు వేసుకుంటే 35,000. చాకీ, కూలి, ఎరువు, మందులు, మార్కెట్‌కు బండి బాడుగ అన్నీ పోయి సగం మిగిలిందనుకుందాం: 17,500. అంటే ఒక గుడ్డుకు మిగులు 175 రూపాయలు. ఏడాది మిగులు 2,18,750.

కొడుకు కంపెనీలో అమ్మానాన్నలిద్దరికీ కలిపి 3 లక్షల కవర్. ప్రీమియం ఏడాదికి 24,000. ఇక్కడే మొదటి మెలిక. ఇది జీఎస్టీ కలిపిన అంకెనా, కలపనిదా? 2025 సెప్టెంబరు 22 నుంచి మనంతట మనం తీసుకునే హెల్త్ పాలసీకి జీఎస్టీ తీసేశారు. కంపెనీ తీసుకునే గ్రూప్ పాలసీకి మాత్రం 18 శాతం అట్లే ఉంది. అది కలిపితే 28,320. నెలకు 2,360 రూపాయలు.

మన లెక్కలో చెప్పాలంటే సుమారు 160 గుడ్ల మిగులు. అంటే ఏడాదికి ఒక పంటలో సగం కంటే ఎక్కువ. చిన్న ఖర్చేమీ కాదు. నాయన గొణిగేదానిలో న్యాయం ఉంది.

*ఇప్పుడు రెండో వైపు*

అదే ఏడాది నాయనకు ఆపరేషన్ పడి, బిల్లు 2 లక్షలు అయిందనుకోండి.

ఇన్సూరెన్సు లేకపోతే 2 లక్షలూ మన చేతివే. గుడ్డుకు 175 చొప్పున 1,140 గుడ్లకు పైన. దాదాపు ఏడాది మిగులంతా పోయినట్టే.

ఇన్సూరెన్సు ఉంటే? అమ్మానాన్నల కవర్‌లో చాలాసార్లు ఒక షరతు ఉంటుంది: బిల్లులో ఇంత వంతు మీరే కట్టాలి అని. దాన్ని కో-పే అంటారు. 20 శాతం వేసుకుంటే 40,000 మనం కట్టాలి. దానికి ప్రీమియం కలిపితే 68,320. సుమారు 390 గుడ్ల మిగులు.

ఆరేళ్ల దాకా ఎవరూ ఆసుపత్రిలో చేరకపోతే? కట్టింది 1,69,920 అవుతుంది. ఇన్సూరెన్సు వాళ్లు ఆ ఒక్క బిల్లుకు ఇచ్చేది 1,60,000. కాబట్టి ఆరేళ్లలోపు అట్లాంటి బిల్లు ఒక్కటీ రాకపోతే అంకెల ప్రకారం మనకే నష్టం. ఈ మాట దాచిపెట్టి ఇన్సూరెన్సు అమ్మేవాళ్లను నమ్మకండి.

కానీ ఆ 2 లక్షలు ఒకే రోజు ఎక్కడి నుంచి తెస్తాం? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,000, ఏడాదికి 48,000. అసలు తీరదు. *ఒక్క ఏడాది వడ్డీయే ప్రీమియం కంటే ఎక్కువ.* మేము చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ప్రీమియాన్ని స్టాండు ఖర్చుతో పోల్చకండి, అప్పు వడ్డీతో పోల్చండి. పంటకు ముందు షెడ్డులో మందు కొట్టే ఖర్చు కూడా రోగం రాకపోతే వృథా లాగే కనిపిస్తుంది. అయినా మనం మానుకోము.

*ఫ్యాక్టరీలో పనిచేసే బిడ్డ ఉంటే: ఈఎస్ఐ*

నెల జీతం 21,000 లోపు ఉండి, ఫ్యాక్టరీ ఈఎస్ఐ కిందికి వస్తే లెక్క వేరు. ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. 14,000 జీతానికి బిడ్డ వంతు 105 రూపాయలు, యజమాని వంతు 455. ఇంత తక్కువకు ఇంత వైద్యం బయట ఎక్కడా దొరకదు. చికిత్సకు ఇంత డబ్బు దాకానే అని పరిమితి లేదు. వేలూరులో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పెద్ద జబ్బు అయితే వాళ్లే వేరే ఆసుపత్రికి రాసి పంపిస్తారు. ఆ రాత లేకుండా నేరుగా ప్రైవేటుకు పోతే డబ్బు తిరిగి రావడం కష్టం, ప్రాణాపాయం ఉన్న అత్యవసరం వేరు.

ఈఎస్ఐలో అమ్మానాన్నలనూ చేర్చవచ్చు. కానీ వాళ్లు బిడ్డ మీద ఆధారపడినవాళ్లు అయి ఉండాలి, అన్ని రకాల ఆదాయం కలిపి నెలకు 9,000 దాటకూడదు. మన ఉదాహరణ కుటుంబానికి గూళ్ల మీదే నెలకు 18,000 పైన మిగులుతోంది. కాబట్టి "మా అమ్మానాన్నలకు ఆదాయం లేదు" అని రాసేయకండి. గూళ్ల డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది కదా, ఆ రాత రేపు మనకే అడ్డం తిరుగుతుంది. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి. ఒంటరిగా ఉన్న అమ్మకు, అర ఎకరా సాగు ఉన్నవాళ్లకు కుదిరే అవకాశం ఎక్కువ.

*ప్రభుత్వ కార్డును మరిచిపోవద్దు*

తమిళనాడు రేషన్ కార్డు ఉండి కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 లోపు ఉంటే, ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. మనవాళ్లు "కాప్పీడు కార్డు" అనేది దీన్నే. ఈ పథకం 2012 జనవరిలో మొదలైంది, 2018 నుంచి కేంద్రం వాళ్ల ఆయుష్మాన్ భారత్‌తో కలిపి నడుస్తోంది. వీఏఓ దగ్గర ఆదాయ సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని వేలూరు కలెక్టరేట్‌కు పోవాలి. పథకం జాబితాలో ఉన్న చికిత్సలకు, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే ఇది పనిచేస్తుంది.

ఇంట్లో 70 ఏళ్లు దాటిన అవ్వా తాతలు ఉంటే, ఆదాయంతో పని లేకుండా 5 లక్షల కవర్ ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. దాని గురించి కూడా అక్కడే అడగండి. పలమనేరు, వి.కోట, కుప్పం వైపు మన సభ్యులకు ఆంధ్రా కార్డు ఉంటుంది. ఆ కార్డు వేలూరులో ఏ ఆసుపత్రిలో, ఏ జబ్బుకు చెల్లుతుందో బయల్దేరకముందే కనుక్కోండి. గేటు దగ్గర కాదు.

*మాకు తగిలిన దెబ్బ*

మా బృందంలో ఒకరి నాయనకు గుండె నొప్పి వచ్చింది. నాలుగో జ్వరం లేచి పురుగులు ఆకు మీద విరుచుకుపడే రోజులు. "గూడు కట్టేదాకా ఓర్చుకుంటా" అని ఆయన రెండు రోజులు చెప్పనే లేదు. తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయాం. కంపెనీ ఇన్సూరెన్సు ఉందని ధైర్యంగా ఉన్నాం. రోజుకు 3,000 దాకానే గది బాడుగ అని పాలసీలో ఉంది. మేము చూసుకోలేదు, 6,000 గది తీసుకున్నాం. బిల్లు 1,60,000 అయింది. అందులో మందులు, పరీక్షలు, గుండెలో వేసిన స్టెంటు 60,000. అది పూర్తిగా వచ్చింది. గది, డాక్టరు, నర్సు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు 1,00,000. గది బాడుగ రెండింతలు కాబట్టి అందులో సగమే ఇచ్చారు. 50,000 చేతి నుంచి కట్టాం. పెద్ద గది తీసుకుంటే తేడా గది బాడుగకే అనుకున్నాం. మిగతా ఖర్చుల్లోనూ అదే వంతున కోస్తారని అప్పుడు తెలిసింది.

ఆ నాయన ఇప్పుడు బాగున్నారు. పురుగులు మేపుతున్నారు. నొప్పి వస్తే మాత్రం అదే రోజు చెబుతున్నారు.

*బిడ్డను అడగాల్సిన ఏడు ప్రశ్నలు*

1. అమ్మానాన్నలకు వేరే మొత్తమా, లేక నీ కవర్‌లోనే అందరూ పంచుకోవాలా?
2. ప్రీమియంలో జీఎస్టీ కలిసి ఉందా?
3. ఇప్పటికే ఉన్న చక్కెర, బీపీ, ఉబ్బసం మొదటి రోజు నుంచే చెల్లుతాయా? చాలా గ్రూప్ పాలసీల్లో చెల్లుతాయి. బయట సొంతంగా తీసుకుంటే వీటికి 3 ఏళ్ల దాకా ఆగమనవచ్చు.
4. కో-పే ఎంత? గది బాడుగ పరిమితి ఎంత?
5. కంటిశుక్లం, మోకాలి ఆపరేషన్ లాంటి వాటికి వేరే పరిమితి ఉందా?
6. సీఎంసీలో గానీ, మనకు దగ్గరున్న వేరే ఆసుపత్రిలో గానీ డబ్బు కట్టకుండా చేర్చుకుంటారా? ఒక ఆసుపత్రి ఒక ఇన్సూరెన్సుకు ఒప్పుకున్నా ఇంకోదానికి ఒప్పుకోకపోవచ్చు.
7. ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది?

ఏడో ప్రశ్న అందరూ మరిచిపోయేది. ఉద్యోగం పోయిన రోజే కవర్ కూడా పోతుంది. అయితే అదే ఇన్సూరెన్సు కంపెనీలో సొంత పాలసీకి మారమని అడగవచ్చు. అట్లా మారితే గ్రూపులో గడిపిన కాలాన్ని, ఆగాల్సిన కాలంలో తగ్గిస్తారు. ఉద్యోగం మానే ముందే అడగాలి, మానేశాక కాదు.

*మరి చేర్చాలా, వద్దా?*

మన ఉదాహరణ కుటుంబానికి మేమైతే చేర్చమనే చెబుతాం. అమ్మకు చక్కెర ఉంది, బయట పాలసీలో దానికి మూడేళ్ల దాకా ఆగాలి. ఆదాయం ఎక్కువ కాబట్టి కాప్పీడు కార్డు రాదు, ఈఎస్ఐ కూడా కుదరదు. వాళ్లకు వేరే గొడుగు లేదు.

కాప్పీడు కార్డు ఉండి, కో-పే సగం దాకా ఉండి, ప్రీమియం కూడా ఎక్కువైతే వద్దనవచ్చు. అప్పుడు ఆ డబ్బును వైద్యం కోసమే అని బ్యాంకులో వేరే ఖాతాలో వేయాలి. స్టాండుకు వాడేస్తే లెక్క తప్పినట్టే.

మీకు 45, 50 ఏళ్లుండి ఏ జబ్బూ లేకపోతే, చిన్నదైనా సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. అది బిడ్డ ఉద్యోగంతో ముడిపడి ఉండదు. ఎక్కడైనా సరే, ఫారంలో జబ్బులు దాచకండి. షెడ్డులో బ్లీచింగ్, మందుల ఘాటుతో దగ్గు, ఆయాసం వచ్చి డాక్టరుకు చూపించుకుని ఉంటే అది కూడా రాయండి.

*ఈ వారం పని:* పంట దిగి షెడ్డు శుద్ధి చేసే రోజుల్లో ఒక సాయంత్రం బిడ్డకు ఫోన్ చేసి ఈ ఏడు ప్రశ్నలు అడగండి. జవాబులు చాకీ లెక్కలు రాసుకునే నోటులోనే రాసుకోండి. మీ గుడ్డు మిగులు ఎంతో వేసి, ప్రీమియం ఎన్ని గుడ్లో చూడండి. సందేహం ఉంటే ఆ అంకెలు గ్రూపులో పెట్టండి, కలిసి లెక్క వేద్దాం. జబ్బు పేరు, పాలసీ నంబరు మాత్రం గ్రూపులో పెట్టవద్దు.

పంటలు బాగా పండాలి, పండించేవాళ్లు బాగుండాలి. ఉంటాం.