తాళం కారు, బటన్ కారు

రావులపాలెం రోడ్డు మీద ఎన్నో కార్లు పోతుంటాయి. కొన్నిటికి తాళం తిప్పాలి. కొన్నిటికి బటన్ నొక్కాలి.

పూర్వం చేలో ఆయిలింజనుకు తిప్పినట్టే కారుకూ హ్యాండిల్ తిప్పేవారు. అది వెనక్కి తంతే చెయ్యి విరిగేది. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు కరెంటు స్టార్టరు తయారుచేశాడు. 1912 నుండి అది కార్లకు వచ్చింది. ఆడవాళ్లకూ కారు నడపడం సులువైంది.

తాళం కారులో ఇంజను ఆపితేనే తాళం చేతికొస్తుంది. బటన్ కారు తాళం సంచిలోనే ఉంటుంది. బ్రేకు గాని క్లచ్ గాని తొక్కి బటన్ నొక్కితే చాలు. కాని ఇంజను ఆపడం మరిచి దిగిపోవచ్చు. మూసిన షెడ్డులో ఆ పొగ ప్రాణం తీస్తుంది. అందులోని విషవాయువుకు వాసన ఉండదు.

అందుకే దిగేముందు చూడాలి. ఇంజను ఆగిందా?

చెప్పండి: మూసిన షెడ్డులో ఇంజను ఎందుకు ఆపాలి?