టిప్పర్ జాడ యంత్రానికి చెప్పే కొలువు

పొక్లెయిన్ (ఎక్స్‌కవేటర్) పక్కన టిప్పర్ ప్రతిసారీ ఒకేచోట ఆగదు. ఒక ట్రిప్పులో అడుగు దూరంగా ఉంటుంది, ఇంకో ట్రిప్పులో కాస్త వంకరగా ఉంటుంది, మరోసారి చక్రం గుంతలో దిగి ఓ పక్కకు ఒరుగుతుంది. చేయి తిరిగిన ఆపరేటర్ చూడగానే అదంతా పసిగట్టి బకెట్‌ను సరిగ్గా తొట్టి మీదకు తిప్పుతాడు. ఈ పనిని యంత్రమే సొంతంగా చేయాలంటే దానికి దూరం కొలిచే సెన్సర్లు కావాలి, వాటి లెక్కలను అర్థవంతంగా మార్చే ఇంజినీర్లు కావాలి. కోడింగ్ అంటే యాప్‌లు, వెబ్‌సైట్లే అనుకునే విద్యార్థులు ఒకసారి ఇటు చూడాలి. ఇంటర్‌లో చదివిన త్రికోణమితి, వెక్టర్లు ఇక్కడ రోజూ పనికొస్తాయి.

ఎక్కడిదాకా వచ్చింది?

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990ల చివర్లోనే 25 టన్నుల ఎక్స్‌కవేటర్‌కు రెండు లేజర్ స్కానర్లు బిగించి, మట్టి తవ్వడం నుంచి ట్రక్కులో పోయడం వరకు దానితోనే చేయించారు. 2008లో చిలీలోని గాబ్రియేలా మిస్త్రాల్ రాగి గనిలో కొమాట్సు సంస్థ తయారుచేసిన, డ్రైవర్ లేని డంపర్లు పనిలోకి దిగాయి. చైనా సంస్థ బైదు పరిశోధకులు తమ స్వయంచాలక ఎక్స్‌కవేటర్ వివరాలను 2021లో 'సైన్స్ రోబోటిక్స్' పత్రికలో ప్రచురించారు. అంటే ఇది పాతికేళ్లుగా పరిశోధన సాగుతున్న రంగం. నేర్చుకోవడానికి గట్టి పునాది ఉంది, పరిష్కరించాల్సిన సమస్యలూ మిగిలే ఉన్నాయి.

లోపల జరిగేదేమిటి?

లైడార్ లేజర్ కాంతిని పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. కాంతి నానో సెకనులో సుమారు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. రానూపోనూ లెక్క కాబట్టి, సమయాన్ని కొలవడంలో ఒక్క నానో సెకను తేడా వస్తే దూరంలో 15 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. స్టీరియో కెమెరా రెండు కటకాల దృశ్యాల తేడాతో దూరం లెక్కకడుతుంది. దూరం రెట్టింపైతే దాని తప్పు సుమారు నాలుగు రెట్లవుతుంది. ఏ సెన్సర్ ఎక్కడ పనికొస్తుందో తేల్చడమే ఇంజినీరు మొదటి పని.

సెన్సర్ ఇచ్చేది లక్షల చుక్కల గుంపు. అందులో ముందుగా నేలను వేరు చేయాలి. ఇందుకు 1981లో వచ్చిన రాన్‌శాక్ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. మిగిలిన చుక్కల్లో తొట్టి గోడలు, అంచులు, మూలలు పట్టుకోవాలి. టిప్పర్ ఏ దిక్కుకు తిరిగి ఉందో, క్యాబిన్ ఎటువైపుందో తేల్చాలి. బకెట్ క్యాబిన్ మీదుగా పోకూడదన్నది లోడింగ్‌లో ప్రాణాలు కాపాడే నియమం. ఆ నియమం ప్రోగ్రామ్‌లో కూడా అంతే కచ్చితంగా ఉండాలి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. సెన్సర్‌కు కనిపించిన తొట్టి మూలను బకెట్ చేరాల్సిన చోటుగా మార్చాలి. బూమ్ కోణం, బాడీ తిరిగిన కోణం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. సెన్సర్ బిగింపులో ఒక్క డిగ్రీ తేడా ఉంటే పది మీటర్ల దూరంలో సుమారు 17 సెంటీమీటర్లు పక్కకు పోతాం. పైగా బరువు పడేకొద్దీ టిప్పర్ స్ప్రింగులు కుంగి తొట్టి కిందికి దిగుతుంది. అందుకే బకెట్ బకెట్‌కూ మళ్లీ కొలవాలి. దుమ్ము లేస్తే లైడార్‌కు లేని గోడ ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటిచోట రాడార్‌ను తోడు తెచ్చుకుంటారు. అనుమానం తీరకపోతే యంత్రాన్ని ఆపేయాలి.

ఏం చదవాలి?

బీటెక్‌లో సీఎస్‌ఈ, ఈసీఈ, మెకానికల్, మెకట్రానిక్స్, మైనింగ్... ఏ బ్రాంచి నుంచైనా రావచ్చు. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా రావాలి. పైథాన్‌తో మొదలుపెట్టి సీ ప్లస్ ప్లస్ నేర్చుకోండి. లైనక్స్, ఆర్‌ఓఎస్ 2, ఓపెన్‌త్రీడీ, ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌పీటీఈఎల్‌లో రోబోటిక్స్, కంప్యూటర్ విజన్ పాఠాలున్నాయి. పైచదువులకు గేట్ రాసి ఎంటెక్‌లో చేరవచ్చు. మన దగ్గరే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో రోబోటిక్స్ పరిశోధన కేంద్రం ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోని టీహాన్ కేంద్రం స్వయంచాలక వాహనాల మీద పనిచేస్తోంది. డిప్లొమా, ఐటీఐ వారికి సెన్సర్ల బిగింపు, వైరింగ్, క్యాలిబ్రేషన్, ఫీల్డ్ టెస్టింగ్ అనువైన దారులు. హైడ్రాలిక్స్ తెలిసిన టెక్నీషియన్ పక్కన లేకపోతే ఎంత మంచి ప్రోగ్రామ్ అయినా సైట్‌లో నిలవదు.

ప్రాజెక్టు ఇలా చేయండి

పై మూత తీసేసిన అట్టపెట్టెను టిప్పర్ తొట్టి అనుకోండి. కాలేజీ ల్యాబ్‌లోని డెప్త్ కెమెరా (దూరాన్ని కూడా కొలిచే కెమెరా) ముందు దాన్ని వేర్వేరు కోణాల్లో పెట్టి, టేపుతో అసలు దూరం కొలిచి రాసుకోండి. మీ ప్రోగ్రామ్ చెప్పిన మూలలను ఆ కొలతలతో పోల్చండి. నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చేయండి. చాలా డెప్త్ కెమెరాలు ఎండలో తడబడతాయి. ఆ సంగతి కూడా నివేదికలో రాయండి. కెమెరా లేనివారు గజీబో సిమ్యులేటర్‌లో ఇదే పని చేయవచ్చు. ఇంటర్వ్యూలో అందమైన వీడియో కంటే 'ఎన్ని సెంటీమీటర్ల తప్పు వచ్చింది, ఎందుకు వచ్చింది' అన్న పట్టిక మీ గురించి ఎక్కువ చెబుతుంది.

ఉద్యోగాలు ఎక్కడ?

ఈ ఒక్క పని పేరుతో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి. పర్సెప్షన్ ఇంజినీర్, కంట్రోల్స్ ఇంజినీర్, టెస్ట్ ఇంజినీర్, ఫంక్షనల్ సేఫ్టీ ఇంజినీర్ అన్న పేర్లతో వెతకండి. బీఈఎంఎల్, క్యాటర్‌పిల్లర్ లాంటి భారీ యంత్రాల తయారీ సంస్థలను గమనిస్తూ ఉండండి. ఎక్స్‌కవేటర్లు తయారుచేసే కోబెల్కోకు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉంది. షావెల్, డంపర్ల పని ఎలా సాగుతుందో అర్థం చేసుకోవడానికి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులను మించిన చోటు మనకు దగ్గర్లో లేదు. ఇవే నైపుణ్యాలు గిడ్డంగుల రోబోలకు, ట్రాక్టర్లకు, ఓడరేవుల యంత్రాలకు, కార్లలోని భద్రతా వ్యవస్థలకూ సరిపోతాయి. కాబట్టి ఒక తలుపు మూసుకున్నా చదువు వృథా కాదు.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. ఈ రంగంలో స్క్రీన్ ముందు నేర్చుకున్నది సగమే. అనుమతి తీసుకుని, హెల్మెట్ పెట్టుకుని, సురక్షితమైన దూరంలో నిలబడి ఓ పూట లోడింగ్ చూడండి. పని ఆగాక ఆపరేటర్ దగ్గరకెళ్లి, 'అన్నా, బకెట్ తిప్పే ముందు నువ్వు ఏమేం చూసుకుంటావు?' అని అడగండి. ఆయన చెప్పే ఒక్కో జాగ్రత్తా మీ ప్రోగ్రామ్‌లో ఒక్కో షరతు కావాలి. టిప్పర్ క్యాబిన్‌లో కూర్చునే డ్రైవర్ క్షేమం మీ కొలత మీద ఆధారపడుతుంది. ఆ బాధ్యతను ఇష్టంగా మోయగలననుకుంటే ఈ దారిలో ధైర్యంగా అడుగు వేయండి.