శనివారం పాఠాలు ఒప్పుకో

అమ్మడూ,

నీ మెయిలు రెండుసార్లు చదివాను. న్యూజెర్సీలో మనవాళ్లు తమ పిల్లలకు శనివారాలు పాట నేర్పమని అడుగుతున్నారనీ, ఒప్పుకుంటే ‘ఆపెరాలో నెగ్గలేక టీచరైంది’ అంటారేమోననీ రాశావు. అనేవాళ్లు ఎలాగూ అంటారు. నువ్వు డాక్టరీ వద్దని పాట పట్టుకున్నప్పుడు అనలేదూ! ఒప్పుకో. వేషాలు తగ్గాక, నలభై దాటాక మొదలుపెట్టేవాళ్లకు నేర్పడం నేర్చుకునే ఓపిక ఉండదు. నీకిప్పుడుంది.

ముందు డబ్బు మాట. మీ నాన్న దగ్గర ఎవరూ ఎత్తరు గనక నేనే ఎత్తుతున్నాను. అమెరికాలో సోలో పాడేవాళ్లకు నెల జీతం అరుదు. ప్రదర్శనకింత అని ఇస్తారు. జలుబు చేసి ఆ రాత్రి పాడలేకపోతే ఆ డబ్బు సాధారణంగా రాదు. 2020 మార్చిలో థియేటర్లు మూతపడ్డప్పుడు పేరున్నవాళ్ల కాంట్రాక్టులే గాల్లో కలిసిపోయాయి. ఇక్కడ జర్మనీలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే థియేటర్లు గాయకులను జీతం మీద పెట్టుకుంటాయి, నిజమే. కానీ కొత్త డైరెక్టరు వచ్చి తనవాళ్లను తెచ్చుకుంటే సోలో వాళ్ల ఒప్పందం ఆగిపోవచ్చు. మాలాంటి కోరస్ వాళ్లకే కాస్త నిలకడ. పాడుతూ పాఠాలు చెప్పేవాళ్లు అక్కడా ఇక్కడా బోలెడంతమంది. వాళ్లెవరూ దాన్ని చిన్నతనం అనుకోరు.

పాడటం మాని పాఠాలతోనే పేరు తెచ్చుకున్న మాన్యుయెల్ గార్సియా సంగతి నీకు కాలేజీలో ఒక పేరాలో చెప్పి ఉంటారు. నేను కొంచెం తీరిగ్గా చెబుతాను. 1825 నవంబరులో న్యూయార్కుకు తొలిసారి ఇటాలియన్ భాషలో ఆపెరా తెచ్చిన బృందం ఆయన తండ్రిది. రొస్సీని ‘బార్బర్ ఆఫ్ సెవిల్’లో తండ్రిది అల్మవీవా వేషం, చెల్లెలు మరియాది రొసీనా, ఇరవై ఏళ్ల ఈ కుర్రాడిది ఫిగారో. ఇంటిల్లిపాదీ వేదిక మీదే. ఆ బరువు మోసి మోసి అతని గొంతు దెబ్బతింది. పాతికేళ్ల ప్రాయానికే వేదిక వదిలేశాడు. తర్వాత పారిస్‌లో సైనిక ఆసుపత్రులకు వెళ్లి స్వరపేటిక ఎలా ఉంటుందో చదువుకుని, పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని తన గొంతులోకి పెట్టుకుని, మరో అద్దంతో ఎండను దాని మీదకు మళ్లించి, తన స్వరతంత్రులు కదలడం తానే చూశాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు నోట్లో పెట్టే అద్దం చరిత్రలో ఒక పాటల మాస్టారి పేరు చేరింది అలాగే. లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో 1848 నుంచి 1895 దాకా నేర్పాడు. 1906లో, నూటొక్క ఏళ్ల వయసులో పోయాడు.

నాకు ఆ అద్దం కంటే ఆయన జెన్నీ లిండ్‌తో నడుచుకున్న తీరే గొప్పగా తోస్తుంది. స్వీడన్‌లో అప్పటికే పెద్ద తార అయిన ఆ అమ్మాయి 1841లో, అలిసిపోయిన గొంతుతో ఆయన దగ్గరికి వచ్చింది. ఆరు వారాలు పాడకు, మాటలు కూడా తగ్గించు, తర్వాత రా అన్నాడు. వచ్చాక ఊపిరి దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టించాడు. వచ్చిన శిష్యురాలిని వెనక్కి పంపడం ఎంత కష్టమో పాఠాలు చెప్పేవాళ్లకు తెలుసు. నెల ఫీజు పోతుందని జంకే టీచరు నోట ఆ మాట రాదు. నీ దగ్గర ఏ పిల్లకైనా బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే కషాయాలు చెప్పకు, డాక్టరు దగ్గరికి పంపించు.

ఇక నీ గొంతు. నమ్మవుగానీ, పాడటం కంటే పియానో మోత మీదుగా నాలుగు గంటలు మాట్లాడటమే ఎక్కువ అలుపు. మాట్లాడేటప్పుడు పియానో ఆపు. ప్రతిదీ పాడి చూపించకు. నువ్వు పాడితే పిల్లలు నీ గొంతును అనుకరిస్తారు, తమ గొంతు వెతుక్కోరు. పదమూడేళ్ల పిల్లకు పుచ్చీని పెద్ద ఆరియా కావాలని తల్లి పట్టుబడితే ససేమిరా అను. గొంతు మారుతున్న మగపిల్లలను మాన్పించకు, వాళ్లకు సుఖంగా అందే నాలుగైదు స్వరాల్లోనే పాడించు. ప్రదర్శన ఉన్న రోజూ, దాని ముందు రోజూ పాఠాలు పెట్టుకోకు.

వచ్చే పిల్లల్లో సగంమంది కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవాళ్లే అయి ఉంటారు. వాళ్ల గురువును పల్లెత్తు మాట అనకు. ఐదు శ్రుతిలో నిండుగా పాడే పిల్ల పైస్థాయిలో పలచబడితే అది తప్పు కాదు, ఆ చోట సాధన లేదంతే. గమకాన్ని వైబ్రాటో అనుకుని సరిచేయబోకు. మన పిల్లలకు ఒక సుళువూ ఉంది. ఇటాలియన్‌కు కావలసిన త, ద, ద్విత్వ హల్లులు నోట్లో తయారుగా ఉంటాయి. మీ అమెరికన్ సహపాఠులు వాటికోసమే తంటాలు పడతారు. జర్మన్, ఫ్రెంచి అచ్చుల దగ్గరికి వస్తే మాత్రం మనమూ మొదట్నించే మొదలుపెట్టాలి. మూతి ముందుకు సున్నాలా చుట్టి ‘ఈ’ అనమను. నవ్వుతారు, నవ్వనీ.

నేర్పడం ఎవరి దగ్గర నేర్చుకోవాలని అడిగావు. ఆపెరా గాయని మరియా కలాస్ ఏథెన్స్‌లో ఎల్వీరా దె ఇదాల్గో దగ్గర చదువుకున్న రోజుల్లో తన పాఠం అయ్యాక ఇంటికి పోయేది కాదట. మిగతావాళ్ల పాఠాలన్నీ కూర్చుని వినేదట. నువ్వూ మీ టీచర్ని అడిగి ఒక మూల కూర్చో. మనలాంటి సొప్రానో పాఠం కాదు, బాస్ గొంతు కుర్రాడి పాఠం విను. 1971–72లో జూలియార్డ్ సంగీత విద్యాలయంలో కలాస్ చెప్పిన పాఠాల రికార్డులూ దొరుకుతాయి. అప్పటికి ఆమె గొంతు చెదిరిపోయింది, మధ్యమధ్య పాడి చూపిస్తుంది కూడా. ఆ పాట కోసం కాదు, మాట మీదా లయ మీదా ఆమె పట్టుదల కోసం విను.

ఫీజు విషయంలో మొహమాటపడకు. ‘మన అమ్మాయే కదా, ఖాళీగా ఉన్నప్పుడు చెబుతుందిలే’ అంటారు. నెల ముందుగా తీసుకో, రాని రోజుకు తిరిగి ఇవ్వనని మొదటి రోజే కాగితం మీద రాసివ్వు. ఇబ్బందిగా ఉన్న ఇంటికి నీకు తోచినంత తగ్గించు, ఆ సంగతి రెండో ఇంటికి తెలియనీయకు.

ఆడిషన్లకు ఇక్కడికి వస్తానన్నావుగా, ఐదు ఆరియాల జాబితా రాసి పంపు. మొజార్టు ఒకటి, జర్మన్‌లో ఒకటి తప్పకుండా ఉండాలి. మొదటిది నిన్నే ఎంచుకోమంటారు, కాబట్టి జ్వరమొచ్చినా పాడగలిగేది పైన రాయి. మా ఇంట్లోనే దిగు, హోటలుకు డబ్బు తగలేయకు.

ప్రేమతో,
అత్తయ్య