దిగుటకు ముందే తిరుగు వేళ

కొండ నెక్కువానికి ప్రకృతి ఒక మేలు చేసియున్నది: కష్టము మొదటనే వచ్చును, ఓపిక చాలనివాడు సగము దారిలో ఆగి, వచ్చిన దారినే సులభముగ ఇల్లు చేరును. గండిలోనికి దిగువాని కట్టి సౌకర్యము లేదు. అక్కడ సుఖము మొదటను, కష్టము తుదను ఉండును. ఉదయపు చల్లగాలిలో, పల్లమునకు పరుగెత్తు కాళ్లతో ఎవడైనను శూరుడే. మిట్టమధ్యాహ్నపుటెండలో, ఒడలెల్ల అలసిన పిమ్మట, ఆ దిగిన దారినంతయు మరల ఎక్కవలసివచ్చినప్పుడే మనిషి సత్తా తేలును. ఆరంభశూరత్వమను జాడ్యమునకు గండిని మించిన పరీక్ష మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము.

ఈ జాడ్యము నాకును కలదు. కొత్త పని యనగానే రాత్రులు నిద్ర పట్టదు. దాని నడిమి భాగము రాగానే మనస్సు మరియొక కొత్తదానికై వెదకులాడును. ఈ స్వభావముతో నేటికిని పెనగులాడుచునే యున్నాను. కావున ఈ వ్యాసమున మందలింపు వినబడినచో, అది ముందుగ నాకే తగులునని పాఠకులు గ్రహింతురు గాక.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున కొలరాడో నది తొలిచిన గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు. లోతు మైలుకు పైచిలుకు. అంచుననున్న సున్నపురాయి వయస్సు సుమారు 27 కోట్ల ఏండ్లు. అడుగున నది ఒరసికొనిపోవు నల్లని శిల వయస్సు దాదాపు 170 కోట్ల ఏండ్లు. బిడ్డల ఉద్యోగముల పుణ్యమా యని ఆ దేశము వెళ్లి, దానిని చూచి వచ్చిన తల్లిదండ్రులు నేడు మనలో పెక్కుమంది. కాని, అయ్యా, అంచున కటకటాల యొద్ద నిలువబడి ఫొటో తీసికొని పావుగంటలో కారెక్కుట చూచుట యగునా? అన్ని కోట్ల ఏండ్ల చరిత్రకు పావుగంటయేనా మన మర్యాద? అడుగుదాక పొమ్మని ఎవరును అనుట లేదు. మోకాళ్లు సహకరించినంత దూరము, పావుమైలైనను చాలును, బాటపై దిగి తలయెత్తి చూడుడు. పైనుండి చిత్రపటముగ కనబడినది, లోనుండి ఇరువైపుల లేచిన గోడలై మిమ్ము చుట్టుముట్టును.

దిగు బాటలలో బ్రైట్ ఏంజెల్ అనునది ప్రసిద్ధము. మెలికలు తిరుగు ఆ మట్టిబాటపై ఒకటిన్నర మైళ్ల కడ నొకటియు, మూడు మైళ్ల కడ నొకటియు విశ్రాంతిగృహములు కలవు. కంచరగాడిదల వరుస ఎదురైనప్పుడు లోయవైపున గాక కొండవైపున ఒదిగి, కదలక నిలువవలెను. వాని గిట్టలు లేపిన ధూళి చెమటతో కలిసి పెదవులపై ఉప్పగ తగులును. దిగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు ఎక్కుటకు పట్టునని గ్రాండ్ కాన్యన్ ఉద్యానవనపు అధికారులు హెచ్చరింతురు. వేసవిలో ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటలవరకు ఎండలో నడువరాదనియు, ఒక్కదినముననే నదిదాక దిగి మరల ఎక్కబూనరాదనియు వారి మాట. అంచు చల్లగనున్న వేళనే అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. ఆ సంగతి దిగువానికి తెలియదు, ఎక్కువానికే తెలియును.

ఇక నేను ప్రాణసమముగ కాపాడుకొను అలవాటును చెప్పెదను. ఏ గండిలోనికి దిగవలసియున్నను, ముందటి రాత్రి, కడుపు నిండియుండి మనస్సు నెమ్మదిగనున్న వేళ, చిన్న పుస్తకములో రెండే రెండు పంక్తులు వ్రాసికొందును: బయలుదేరు వేళ, తిరుగు వేళ. చేతనున్న కాలమును మూడు పాళ్లు చేసి, ఒక పాలు దిగుటకును, రెండు పాళ్లు ఎక్కుటకును కేటాయింతును. తిరుగు వేళ రాగానే, గమ్యము చేరితినా లేదా యను విచారము లేక, వెనుకకు తిరిగెదను. వినుటకు ఇంత సులభమైన నియమము, ఆచరించుటకు ఎంత కఠినమో చెప్పజాలను. ఒకమారు బ్రైట్ ఏంజెల్ బాటపై మూడు మైళ్ల విశ్రాంతిగృహము కడ నేను నిలిచియున్నప్పుడు కాళ్లలో బలమున్నది, సీసాలో నీరున్నది, క్రిందనుండి వచ్చువారందరు నది యందమునే వర్ణించుచున్నారు. ఇంకొక్క మెలిక, ఇంకొక్కటే యని మనస్సు బిడ్డవలె మారాము చేయుచున్నది. పుస్తకములోని పంక్తి మాత్రము తిరుగుమనుచున్నది. తిరిగితిని. పై మూడు మైళ్లలో ఒక్కొక్క మెలిక కడ ఆగి రొప్పుచు ఎక్కునప్పుడు, అంతకుముందు కాళ్లలో ఉన్నదనుకొన్న బలము నిజముగ ఎవరి సొత్తో తెలిసినది: అది ఎక్కుటకై దాచియుంచిన బలమే గాని, దిగుటకు ఖర్చు పెట్టదగినది కాదు.

ఈ నియమము గండిలో పుట్టినను ఇంటిలోను పనికివచ్చును. ఇల్లు కట్టువారు పునాదులకును గోడలకును సొమ్మంతయు పోసి, తలుపులును గచ్చును వచ్చునప్పటికి అప్పులకై తిరుగుచుందురు. పరీక్షలకు చదువు పిల్లలు మొదటి మాసమున రాత్రింబవళ్లు మేల్కొని, పునశ్చరణకు వచ్చుసరికి చతికిలబడుదురు. సగమునకు పైగా కాలమును, బలమును, సొమ్మును తుది ఘట్టమునకై దాచుకొనుడు! ముందుగనే ‘ఇది జరిగినప్పుడు ఇది చేసెదను’ అని నిశ్చయించుకొన్నవారు, వట్టి సంకల్పము చేసినవారికన్న ఎక్కువగ కార్యము నెరవేర్తురని గోల్విట్జర్ మొదలగు మనశ్శాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పియున్నారు.

మరి వెనుకకు తిరుగుట పిరికితనము కాదా యని మీరు అడుగవచ్చును. దానికి జవాబుగ ఒక సంగతి వినుడు. 1869లో, యుద్ధమున కుడిచేతిని కోల్పోయిన జాన్ వెస్లీ పవెల్, తనతో కూడ పదిమంది గల బృందముతో నాలుగు పడవలపై కొలరాడో నదీమార్గమున గ్రాండ్ కాన్యన్ గండిని దాటబూనెను. ఆగస్టు 28న, తిండి తరుగుచుండగా, భయంకరమైన సుడినీటిని ముందు చూచి ముగ్గురు విడిపోయి గోడలెక్కి వెడలిపోయిరి. వారు మరల కనబడలేదు. మిగిలినవారు మరునాడే గండి దాటిరి. ఆ ముగ్గురను నిందించుటకు నాకు నోరు రాదు. ఆకలియు అలసటయు ఆవరించిన వేళ, తిరుగుటయు సాగుటయు రెండును చీకటిలో వేసిన అడుగులే. అందుచేతనే నిర్ణయము శాంతవేళ చేసికొనవలెనని ఇంతగ ఘోషించుచున్నాను.

కాన్యనింగ్ చేయువారికి ఈ సంగతి మరింత బాగుగ తెలియును. జలపాతముల ప్రక్కనుండి ఇరుకు గండిలోనికి దిగునప్పుడు, తాడును పైనున్న కొక్కెపు వలయములో దూర్చి రెండు పేటలుగ వ్రేలాడదీసి, ఒక్కొక్కరే దిగుదురు. కడపటివాడు దిగిన పిమ్మట ఒక కొసను పట్టి లాగుదురు. రెండవ కొస పైకి పాకి, వలయము దాటి, బుస్సుమని నీటిలో పడును. ఆ క్షణమునుండి వెనుకకు దారి లేదు, ముందుకే పోవలెను. కావున తాడు లాగుటకు పూర్వమే ఆకాశమును, కాలమును, తోడివారి ముఖములను చూచుకొనవలెను.

తక్కిన హితవులు త్వరగ చెప్పెదను. వట్టి నీరే త్రాగుచుండరాదు. ఒంటికి ఉప్పు కూడ అందవలెను. పాత బూట్లే మేలు. శిక్షణ పొందినవాని తోడు లేక తాడు ముట్టరాదు, హెల్మెట్ విడువరాదు. మీ తలపై ఆకాశము నిర్మలముగ నున్నదని మురిసిపోకుడు: 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది వరదపాలైరి, ఆ వాన కురిసినది మైళ్ల కొలది దూరమున. పోవు తావును ఇంటిలో చెప్పి పొండు. 2003లో యూటా గండిలో బండరాతి క్రింద చేయి చిక్కుకొన్న ఆరన్ రాల్‌స్టన్ ఎవరికిని చెప్పకపోవుటచే అయిదు దినములు చిక్కుపడి, తన చేతిని తానే కోసికొని బయటపడెను.

పాఠకమహాశయులారా, ఉత్సాహము మనకు కొరత లేదు. కొరతయైనది దానిని తుదిదాక మిగుల్చుకొను నేర్పు. రేపు మీరు ఏ పని మొదలిడనున్నను, ఈ రాత్రియే కలము తీసి తిరుగు వేళను వ్రాసికొనుడు. వ్రాసిన వేళకు కట్టుబడుడు. దిగుటలో ఘనత లేదు. ఎక్కి ఇల్లు చేరినవాడే గండిని చూచినవాడు.