చవక వైద్యమని భయమా? బాలింతల సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. బరువు 1.6 కిలోలు. ప్రభుత్వాసుపత్రిలో నాలుగు రోజులు వార్మర్‌లో ఉంచి, ఆ తర్వాత నా రొమ్ముల మధ్య కట్టుకుని కూర్చోమన్నారు. మా బంధువుల పాపనైతే ప్రైవేటులో నెల రోజులు గాజుపెట్టెలో పెట్టారు. మా దగ్గర డబ్బు లేదనే మాకు ఇలా చేస్తున్నారా?
- ఒక తల్లి, పాడేరు

జవాబు: ముందు మనసు కుదుటపరచుకోండమ్మా. మీ పాపకు అందుతున్నది తక్కువరకం వైద్యం కాదు. దీన్ని కంగారూ మదర్ కేర్ అంటారు. కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో డాక్టర్ ఎడ్గార్ రే దీన్ని మొదలుపెట్టారు. అక్కడ ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టేవారు, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అంటే ఇది పుట్టింది లేమిలోనే, ఆ మాట దాచను. కానీ ఈరోజు స్వీడన్ లాంటి సంపన్న దేశాల్లోనూ దీన్ని పాటిస్తున్నారంటే అక్కడ పెట్టెలు కొనే డబ్బు లేక కాదు కదా!

మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2021లో వెలువడింది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్లో కొందరిని పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించారు, మిగతావాళ్ళని స్థిమితపడేదాకా వార్మర్‌లోనో ఇంక్యుబేటర్‌లోనో ఉంచి తర్వాత ఆనించారు. వెంటనే ఆనించిన వాళ్ళలో నెలలోపు మరణాలు 25 శాతం తక్కువ. ఊపిరి తనంతట తాను తీసుకోలేని బిడ్డకు యంత్రం కావాల్సిందే. మీ పాప ఆ దశ దాటింది కాబట్టే మీ చేతికిచ్చారు.

టోపీ, సాక్సులు, డైపర్ తప్ప పాప ఒంటి మీద ఇంకేమీ ఉంచకండి. తల ఒక పక్కకు తిప్పి, మెడ ముందుకు వాలిపోకుండా నిటారుగా పెట్టి, పైన మెత్తటి బట్ట కట్టుకోండి. రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే ఇంకా ఎక్కువసేపు. మీకు నడుం లాగితే మీ అత్తగారో, మీ ఆయనో పాపని గుండెకు హత్తుకోవచ్చు. నాన్న ఒంటి వేడి కూడా అలాగే పనిచేస్తుంది. మగవాళ్ళు సిగ్గుపడి తప్పించుకోకుండా చూడండి. పాప ఎక్కువసేపు నిద్రపోవడం, నిద్రలో ఉలిక్కిపడటం, తుమ్మడం, వెక్కిళ్ళు మామూలే. ఒంటికి ఆనించినా పాదాలు చల్లగానే ఉన్నా, పాలు తాగడం మానేసినా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు ఎగరేసినా, పెదాలు నీలంగా మారినా మాత్రం ఒక్క క్షణం ఆగకుండా నర్సును పిలవండి.

ప్రశ్న: మా అమ్మాయికి కాన్పు కాగానే నడుం కింద గీతలున్న ప్లాస్టిక్ సంచీ పరిచారు. అందులో రక్తం చూసి నా కాళ్ళు వణికిపోయాయి. ఇప్పుడు పదో రోజు, ఇంకా కొంచెం కొంచెం మరక పడుతోంది. ప్రమాదమా?
- ఒక అమ్మమ్మ, నారాయణఖేడ్

జవాబు: పదో రోజున కొద్దిగా మరక కనబడటం మామూలేనమ్మా. మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగులో, ఆపై తెల్లగా మారుతూ ఆరు వారాల దాకా ఉండొచ్చు. ఇక ఆ సంచీ సంగతి. గుడ్డల్లో ఇంకిపోయిన రక్తాన్ని కంటితో అంచనా కడితే ఎంత అనుభవమున్న డాక్టరైనా తక్కువే చెబుతారు. గీతలున్న సంచీ అబద్ధం చెప్పదు. ఇలాంటి సంచీని మన పక్క రాష్ట్రంలోని బెళగావిలోనే ఒక పరిశోధన కోసం రూపొందించారు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో జరిగిన మరో అధ్యయనం 2023లో వెలువడింది. సంచీతో కొలిచి, గీత దాటగానే గర్భసంచి మసాజ్, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన ఆసుపత్రుల్లో తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సిన ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి.

గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, అమ్మాయికి కళ్ళు తిరుగుతున్నా, జ్వరంతో పాటు దుర్వాసన వస్తున్నా 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగవద్దు.

ప్రశ్న: బాబుకి బొడ్డు ఇంకా ఊడలేదు, ఎనిమిదో రోజు. అత్తగారు బూడిద, పసుపు రాయమంటున్నారు. ఆసుపత్రిలో ఏమీ రాయొద్దన్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక కోడలు, గుమ్మలక్ష్మీపురం

జవాబు: ఆలస్యమేమీ కాలేదు, రెండు వారాల దాకా ఆగొచ్చు. ఈసారికి ఆసుపత్రి మాటే వినండి. శుభ్రంగా, పొడిగా ఉంచి, డైపర్‌ను బొడ్డు కిందికి మడిస్తే చాలు. ఒకప్పుడు ఇళ్ళలోనే ఎక్కువ కాన్పులు జరిగిన నేపాల్‌లో బొడ్డుకి క్లోర్‌హెక్సిడిన్ మందు రాయించి పసిపిల్లల మరణాలు తగ్గించారు. ఆసుపత్రిలో శుభ్రంగా పుట్టిన మీ బాబుకి అది కూడా అక్కర్లేదు. ఎవరైనా డాక్టరు ఆ మందు రాసిస్తే దాన్ని బొడ్డుకే రాయాలి. చుక్కల మందనుకుని కంట్లో వేస్తే చూపు దెబ్బతింటుంది. ఊడేటప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనబడితే కంగారు వద్దు. బొడ్డు చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కారుతున్నా వెంటనే చూపించండి.

ప్రశ్న: తొమ్మిదో నెలలో నా భార్యకు బీపీ బాగా పెరిగింది. ఫిట్స్ రాకపోయినా ఫిట్స్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఒళ్ళంతా మంటలన్నది, నాకు చేతులు ఆడలేదు. బిడ్డ పుట్టాక ఇద్దరూ బాగానే ఉన్నారు. ఆ మందు అవసరమేనా?
- ఒక తండ్రి, మదనపల్లె

జవాబు: అవసరమే, సరైన సమయానికే ఇచ్చారు. దాని పేరు మెగ్నీషియం సల్ఫేట్. పాతది, చవకైనది, మారుమూల ఆసుపత్రిలోనూ దొరికేది. 33 దేశాల్లో సుమారు 10,000 మంది స్త్రీలతో జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది. ఒళ్ళు వేడెక్కడం ఆ మందు స్వభావమే, దానంతటదే తగ్గుతుంది. మోకాలి మీద చిన్న సుత్తితో తట్టడం, మూత్రం ఎంత వచ్చిందో కొలవడం మీరు చూసే ఉంటారు. మోతాదు మించకుండా కాపలా కాయడమది. కాన్పుతో బీపీ ముప్పు తీరిపోయిందనుకోకండి. ఆరు వారాల లోపు ఎప్పుడైనా విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ఆయాసం కనబడితే తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: నేను దుబాయ్‌లో ఉంటాను. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఆశా కార్యకర్త వచ్చి మా పాప ఊపిరి లెక్కపెడుతోందట, బరువు తూస్తోందట. ఆమె డాక్టరు కాదు కదా! వాట్సాప్‌లో వీడియో చూశాను, పాప ఊపిరి మధ్యలో ఆగి మళ్ళీ వస్తోంది. నిద్ర పట్టడం లేదు.
- ఒక నాన్న

జవాబు: అంత దూరాన ఉండి వీడియోలో బిడ్డ ఊపిరి చూసుకునే తండ్రికి నిద్రెలా పడుతుంది? అయితే పసిపిల్లల ఊపిరి అలాగే ఉంటుంది. అయిదు పది సెకన్లు ఆగి, మళ్ళీ గబగబా తీస్తారు. అందుకే నిమిషం నిండా లెక్కపెట్టాలి. పాప ఊరికే ఉన్నప్పుడు రెండుసార్లు లెక్కపెట్టినా 60కి పైన వస్తే, ఊపిరి 20 సెకన్లు ఆగితే, లేదా ఆగినప్పుడు పాప నీలంగా మారితే ఆసుపత్రికి వెళ్ళమనండి.

ఆశా కార్యకర్తను తక్కువ అంచనా వేయకండి. మీ జగిత్యాలకు ఉత్తరాన, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే ఈ పని నేర్పారు. ఆ ఊళ్ళలో పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. మన దేశంలో ఆశా ఇంటికి రావడం ఆ దారిలో వచ్చిందే. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె వస్తుంది. ఆమె వచ్చినప్పుడు మీరూ ఫోన్లో ఉండి అడగండి.

ప్రశ్న: ఏడు నెలలు నిండాయి. హిమోగ్లోబిన్ 8. మాత్రలు ఆపి ఐరన్ సీసా ఎక్కించారు. రక్తం ఎక్కించాల్సింది కాదా?
- ఒక గర్భిణి, ఆదోని

జవాబు: 8కి సాధారణంగా రక్తం అక్కర్లేదు తల్లీ. కాన్పుకు వ్యవధి తక్కువున్నప్పుడు మాత్రలకంటే సీసా త్వరగా పనిచేస్తుంది. మర్నాడు కాస్త ఒళ్ళు నొప్పులు, తలనొప్పి రావొచ్చు. ఎక్కేటప్పుడు దురద, ఆయాసం, గుండె బిగుతు అనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. నాలుగు వారాలకు మళ్ళీ రక్తపరీక్ష చేయించుకుని, మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో అక్కడే అడగండి. కాన్పయ్యాక 6 నెలల పాటు వాటిని మానకండి. విరేచనం నల్లగా అవుతుంది, అది ఐరన్ రంగే.