ప్రీ ఫైనల్ పేపర్ చేతికొచ్చాక

పదో తరగతి ప్రీ ఫైనల్ తెలుగు పేపర్లు దిద్ది ఇచ్చిన రోజున జగిత్యాల బడిలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా పిల్లలు ముందు చూసేది ఎర్ర సిరాతో వేసిన మొత్తం మార్కులు. తర్వాత పక్కవాడి మార్కులు. కూడిక తప్పిందేమోనని మరోసారి లెక్కబెట్టి, పేపర్ మడిచి బ్యాగులో వేస్తారు. లోపలి పేజీల్లో తామేం రాశారో మళ్లీ చదివేవాళ్లు తక్కువ.

తెలుగు వాచకంలో ఈ ప్రాంతపు కవులు ఇద్దరున్నారు. ‘నగరగీతం’ రాసిన అలిశెట్టి ప్రభాకర్ జగిత్యాలవాడు. ‘జీవనభాష్యం’ గజల్ రాసిన సినారెది సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేట. సొంతూరి కవి మీద ప్రశ్న వస్తే విద్యార్థి కలం ఆగదు. నగర జీవితాన్ని కవి ఎలా చిత్రించాడని అడిగితే, 1954లో పుట్టిన సంగతి, జగిత్యాలలో స్టూడియో నడిపిన సంగతి, ‘ఎర్ర పావురాలు’ మొదలుకొని ‘సిటీ లైఫ్’ దాకా పుస్తకాల పేర్లు వరుసబెట్టి అరపేజీ నింపేస్తాడు. అన్నీ నిజాలే. కవి పరిచయం అడిగినప్పుడు మార్కులు తెచ్చేవే. కానీ ఇక్కడ అడిగింది అది కాదు. మా ఊరి కవి అన్న అభిమానానికి విడిగా మార్కుల్లేవు మరి!

అందుకే పోయిన ప్రతి మార్కు పక్కన కారణం రాసుకోవాలి. తెలియక పోయిందా, తెలిసీ అడిగింది రాయక పోయిందా, టైం చాలక పోయిందా? ఛందస్సు సంగతే చూడండి. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని గడగడా అప్పజెప్పే పిల్లవాడు పద్యపాదం ఎదుట పెడితే తడబడతాడు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరాన్ని లఘువుగా గుర్తిస్తాడు. ఆ ఒక్కటి తప్పితే వెనకాల గణాలన్నీ తప్పుతాయి. అతను గణాలు మళ్లీ బట్టీ పట్టి లాభం లేదు. రోజుకో పద్యపాదానికి గురులఘువులు గుర్తించాలి.

ఎక్కువ నష్టం మాత్రం గైడు వాక్యాల వల్లే. ‘నగరగీతం’ మీద ముప్పై పేపర్లు దిద్దితే ముప్పైలోనూ అవే మాటలు. సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి భివండీ పోయిన కుటుంబాలున్నాయి. కోరుట్ల, జగిత్యాల వైపు నాన్న దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న పిల్లలు తరగతికి కొందరైనా కనిపిస్తారు. నగరంలో మనిషి ఒంటరితనం వాళ్లు ఫోన్లో విన్నదే. దాన్ని రాయడానికి గైడెందుకు? ఆ అనుభవాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, కవితలోని ఒక పదచిత్రానికి ముడిపెడితే జవాబు తనదవుతుంది. అలిశెట్టి ఇంత పొట్టిగా ఎందుకు రాశాడో కూడా ఆలోచించాలి. ఆయన చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. ఒక్కో కవిత ఒక్కో ఫొటోలా చటుక్కున పట్టుకుంటుంది. విద్యార్థేమో దాన్ని వివరించడానికి అదనపు కాగితాలు అడుగుతాడు.

ఇంట్లో తెలుగు చదివించేవాళ్లు లేరన్నది తరచూ వినిపించే మాట. అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. అయితే సినారె డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలో. తర్వాత ఉస్మానియాలో తెలుగు ఎంఏ చేసి, ఆధునిక తెలుగు కవిత్వంపై పరిశోధించి 1962లో డాక్టరేట్ అందుకున్నారు.

ఇక చదివే తీరు సంగతి. పాఠం మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం గడిచాక అడిగితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. కాబట్టి మార్కులు తగ్గిన జవాబునే పుస్తకం మూసి మళ్లీ రాయాలి. ఈసారి ప్రశ్నలోని ‘ఎలా’, ‘ఎందుకు’ల కింద గీత గీసుకుని మొదలుపెట్టాలి. పాత జవాబు, కొత్త జవాబు రెండూ పట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఇంకో మార్కు వేయండి సార్’ అనడం కాదు, ‘ఇందులో ఏ వాక్యం తీసేయొచ్చు సార్’ అని అడగాలి.