మామిడి తాండ్ర తయారీ – అందులోని శాస్త్రం, శ్రమ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాయమని అడిగినప్పుడు, పుస్తకంలో ఉన్నదే మళ్లీ రాయడం ఎందుకనిపించింది. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. ప్రస్తుతం పి.జి. చదువుతున్నాము. తరగతి గదిలో ఆవిరి కావడం, గాఢత, సూక్ష్మజీవులు అనే మాటలు విన్నప్పుడల్లా అవన్నీ మన ఇళ్ల పెరట్లో ఎప్పటినుంచో జరుగుతున్నవే కదా అనిపించేది. కాబట్టి మనందరం తిన్నదీ, జూన్ నెలలో బడులు తెరిచేటప్పుడు ట్రంకుపెట్టెలో తెచ్చుకున్నదీ అయిన మామిడి తాండ్ర గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

వంట ఆడవాళ్ల పని, మనకెందుకు అని ఎవరూ పేజీ తిప్పవద్దు. ఇందులో రసాయన శాస్త్రం ఉంది, లెక్కలు ఉన్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా మన అమ్మల కష్టం ఉంది.

తాండ్ర అంటే ఏమిటి?

పండిన మామిడి రసాన్ని బెల్లంతోగాని, పంచదారతోగాని కలిపి, పలచని పొరలుగా పోసి ఎండబెడితే వచ్చే చాపలాంటి మిఠాయే తాండ్ర. మన ఉత్తరాంధ్రలో విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని భీమాలి గ్రామం తాండ్రకు పెట్టింది పేరు. గోదావరి ప్రాంతంలో పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురంలో కూడా తాండ్ర తయారవుతుంది. హిందీవారు దీన్ని ఆమ్ పాపడ్ అని, బెంగాలీలు ఆమ్‌సత్తో అని, మన పక్కనున్న ఒడియావారు అంబసఢా అని అంటారు. ఇరాన్‌లో లవాషక్, జార్జియా దేశంలో తక్లాపీ అనే పేర్లతో అక్కడి పుల్లని పండ్లను ఇలాగే రేకులుగా ఎండబెడతారు. దేశాలు వేరైనా అవసరం ఒక్కటే. పండు కొద్ది వారాలే ఉంటుంది, ఆకలి ఏడాదంతా ఉంటుంది.

ఏ పండ్లు? ఎప్పుడు?

బంగినపల్లి, సువర్ణరేఖ వంటి పండ్లు కోసుకుని తినడానికి బాగుంటాయి, ధర కూడా ఎక్కువే. తాండ్రకు రసం ఎక్కువగా ఉన్న నాటు పండు చాలు. పీచు ఉన్నా పరవాలేదు, వడకట్టేస్తాం. మన ఇళ్లలో చాలామందికి సొంత మామిడి తోట ఉండదు. గాలివానకు రాలినవి, దెబ్బ తగిలి సంతలో చవకగా అమ్మేవి మన గంపలోకి వస్తాయి. అలాంటి వాటిలో ముదిరిన కాయలనే తాండ్రకు ఏరుకోవాలి. లేత కాయలు ముగ్గవు, వాటిని పచ్చడికో ఒరుగులకో వాడుకోవాలి. బూజు పట్టిన పండును ఆ భాగం కోసి వాడుకుందామని అనుకోకూడదు. మొత్తం పారవేయాల్సిందే.

కాలం చాలా ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు. తాండ్రకు కావలసింది ఆ ఎండే. జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె ప్రవేశించి చినుకులు మొదలైతే పొర ఆరదు, బూజు పడుతుంది. కాబట్టి మే నెల మధ్యలోనే పని మొదలుపెట్టాలి.

కావలసినవి

ముదిరిన మామిడి కాయలు 10 కిలోలు, బెల్లం 1 కిలో (అనకాపల్లి బెల్లమైతే మరీ మంచిది), కొద్దిగా నెయ్యి, 60 సెంటీమీటర్ల పొడవు 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న శుభ్రమైన చాప లేక స్టీలు పళ్లెం, పలచని తెల్లగుడ్డ, జల్లెడ, స్టీలు గిన్నె, కర్ర గరిటె. అల్యూమినియం గిన్నె వాడకూడదు, పండులోని ఆమ్లం ఆ లోహంతో చర్య జరుపుతుంది.

తయారీ విధానం

1. కాయలను వరిగడ్డిలో ముగ్గవేయాలి. నాలుగైదు రోజుల్లో ఒక్కొక్కటిగా పండుతాయి. కాల్షియం కార్బైడ్‌తో పండించిన వాటి జోలికి పోవద్దు. పండ్లను కార్బైడ్ వాయువుతో పండించి అమ్మడాన్ని మన దేశంలో చట్టం నిషేధించింది. గడ్డిలో జరిగేది వేరు. కాయ తనంతట తాను విడుదల చేసే ఇథిలీన్ వాయువు గడ్డిలో నిలిచి పక్క కాయలను కూడా పండిస్తుంది.

2. ఆ రోజుకు పండినవి మాత్రమే, అంటే సుమారు కిలో పైచిలుకు, తీసి కడగాలి. తొడిమ కోసి సొన పోయేదాకా నీళ్లలో ఉంచాలి.

3. రసం పిండి, టెంకలకు అంటుకున్న గుజ్జు కూడా తీసి, జల్లెడలో వడకట్టాలి. రోజుకు సుమారు 650 గ్రాముల గుజ్జు వస్తుంది.

4. 110 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి గుజ్జులో కలపాలి. సన్నని మంట మీద అడుగంటకుండా కలుపుతూ, పొగలు వచ్చి ఉడుకు పట్టేవరకు వేడిచేయాలి. కొందరు వేడి చేయకుండానే పోస్తారు. కానీ వేడి చేస్తే పులియబెట్టే ఈస్టు చాలామటుకు చస్తుంది.

5. చల్లారిన తర్వాత, నెయ్యి రాసిన చాప మీద 3 మిల్లీమీటర్ల మందాన సమానంగా పరవాలి. చాపను నేలమీద కాకుండా మంచం మీద ఉంచాలి. నాలుగు మూలలా కర్రలు కట్టి, గుడ్డ తాండ్రకు తగలకుండా పైన కప్పాలి.

6. సాయంత్రం మంచు పడకముందే ఇంట్లోకి తేవాలి. వేలికి అంటుకోకుండా ఆరితేనే మరునాడు దానిమీద రెండో పొర పోయాలి. ఇలా తొమ్మిది రోజులు తొమ్మిది పొరలు పోయాలి.

7. చివరి పొర ఆరాక తాండ్రను తిరగవేసి ఇంకో రెండు రోజులు ఎండనివ్వాలి. ముక్కలు కోసి, నూనె కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి.

శాస్త్రం ఏం చెబుతుంది?

మొదటిది, పొరల సంగతి. రసం అంతా ఒకేసారి మందంగా పోస్తే పైభాగం ముందు గట్టిపడి మూతలా తయారవుతుంది. లోపలి తడి బయటకు రాలేక పులుస్తుంది. పలచగా పోస్తే అడుగుదాకా ఆరుతుంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. గడ్డిలో కాయలన్నీ ఒకే రోజు పండవు, రోజుకు కొన్ని చొప్పున పండుతాయి. రోజుకొక పొర అనే పద్ధతి దానికి సరిగ్గా సరిపోయింది. రసం నిల్వ చేసుకోవాల్సిన పనే లేదు, ఫ్రిజ్ అవసరమే లేదు.

రెండవది, నిల్వ ఉండే గుణం. సూక్ష్మజీవులు బ్రతకాలంటే వాటికి అందుబాటులో నీరు ఉండాలి. దీన్ని నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి దీని విలువ 1. సుమారు 0.9 కంటే తగ్గితే చాలామటుకు బాక్టీరియా, సుమారు 0.7 కంటే తగ్గితే చాలామటుకు బూజులు పెరగలేవు. ఎండ కొంత నీటిని తీసేస్తుంది. మిగిలిన నీటిని చక్కెర తనవైపు పట్టి ఉంచుతుంది. పండులోని ఆమ్లం కూడా తోడవుతుంది. ఈ మూడూ కలిసి తాండ్రకు కాపలా కాస్తాయి.

మూడవది, సాగే గుణం. మామిడిలో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. చక్కెర, ఆమ్లం తగినంత ఉన్నప్పుడు అది వలలాగా అల్లుకుని గట్టిపడుతుంది. జామపండు జెల్లీ గడ్డకట్టేది కూడా ఇందువల్లనే.

నాలుగవది, రంగు. పసుపు రంగు బీటా కెరోటిన్‌ది. మన శరీరం దీన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. రేచీకటి రాకుండా కాపాడేది ఆ విటమినే. ఎండకు ఇందులో కొంత పోతుంది, కొంత మిగులుతుంది. విటమిన్ సి మాత్రం చాలావరకు నశిస్తుంది. కాబట్టి తాండ్ర పండుకు బదులు కాదు. వంద గ్రాముల్లో 300 కాలరీలకు పైగా ఉంటాయి కనుక చక్కెర వ్యాధి ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలి, పిల్లలు తిన్న తర్వాత నోరు పుక్కిలించాలి.

ఒక లెక్క

10 కిలోల పండ్ల నుంచి తొక్క, టెంక పోగా సుమారు 6 కిలోల గుజ్జు వస్తుందని అనుకుందాం. గుజ్జులో ఘనపదార్థం నూటికి 16 పాళ్లు అనుకుంటే 960 గ్రాములు. బెల్లం 1000 గ్రాములు అంతా ఘనపదార్థమే అనుకుంటే మొత్తం 1960 గ్రాములు. ఎండిన తాండ్రలో తేమ నూటికి 16 పాళ్లు ఉంటే, ఘనపదార్థం 84 పాళ్లు. అప్పుడు తాండ్ర బరువు 1960 ÷ 0.84 = సుమారు 2333 గ్రాములు.

7 కిలోల మిశ్రమం 2 కిలోల 333 గ్రాములకు వచ్చిందంటే, 4 కిలోల 667 గ్రాముల నీరు ఆవిరైపోయింది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. అంటే మొత్తం సుమారు 11,200 కిలోజౌళ్లు. కరెంటు లెక్కలో చెప్పాలంటే సుమారు 3 యూనిట్లు. ఇదంతా సూర్యుడు బిల్లు పంపకుండా ఇచ్చినది.

రెండో లెక్క

సూర్యుడు బిల్లు పంపడు సరే. అమ్మ కూడా పంపదు. ఈ లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ వేయరు.

రోజుకు రసం పిండి, కాచి, పరిచి, ఈగలు తోలి, సాయంత్రం లోపలికి తెచ్చేసరికి తక్కువలో తక్కువ 2 గంటల పని. తొమ్మిది రోజులకు 18 గంటలు. 8 గంటలు ఒక కూలి రోజు అనుకుంటే ఇది రెండుంపావు రోజుల కూలి. తాండ్ర అమ్మేటప్పుడు మన ఇళ్లలో పండ్ల ఖరీదు, బెల్లం ఖరీదు కలిపి, పైన నాలుగు రూపాయలు వస్తే లాభం అనుకుంటారు. ఆ రెండుంపావు రోజుల కూలిని ఎవరూ కలపరు. కొనేవాడు బేరమాడినప్పుడు తగ్గించేది కూడా దాన్నే.

తమ్ముళ్లూ, మీ ఊళ్లో పండ్ల ధర, బెల్లం ధర, అమ్మకు వచ్చే రోజు కూలి వేసి, మొత్తాన్ని 2.333తో భాగించండి. కిలో తాండ్ర అసలు ఖరీదు తెలుస్తుంది. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి అమ్మకు చదివి వినిపించండి. మన చదువు వల్ల ఇంటికి జరగగల మొదటి మేలు ఇదే కావచ్చు. ఊళ్లోని డ్వాక్రా సంఘం వారు కలిసి అమ్మదలచుకుంటే ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ చేయించాలి. డబ్బా మీద తయారుచేసిన తేదీ, కలిపిన పదార్థాలు రాయాలి. ఆ రాతపని మనం చేయగలం.

వానాకాలం వస్తే?

భాద్రపదంలో తాటిపండ్లు రాలతాయి. అప్పుడు ఎండ నిలకడగా ఉండదు, అందుకే మనవాళ్లు తాటిరొట్టె కాలుస్తారు. రెండు గిన్నెల తాటి గుజ్జుకు గిన్నెన్నర బియ్యం రవ్వ, ఒక గిన్నె బెల్లం, కొంచెం కొబ్బరి కలిపి గంటసేపు నాననివ్వాలి. మందపాటి మూకుడుకు నూనె రాసి అందులో పోసి, మూత మీద నిప్పులు వేసి సన్నని సెగ మీద కాల్చాలి. ఎండ ఉన్నప్పుడు ఎండ, లేనప్పుడు నిప్పు.

ఇంగ్లండులో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. ఆపిల్ ముక్కల మీద పిండి, వెన్న, పంచదార పొడిపొడిగా కలిపి చల్లి కాల్చే ఆ వంటకాన్ని క్రంబుల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో అక్కడ ఆహారానికి రేషన్ పెట్టినప్పుడు, పిండీ వెన్నా తక్కువ పట్టే ఈ వంటకం బాగా ప్రచారంలోకి వచ్చిందని చెబుతారు. లేమిలో పుట్టినదాన్ని వాళ్లు ఈనాడు హోటళ్లలో గర్వంగా వడ్డిస్తున్నారు. మనం మాత్రం తోటివాళ్ల ముందు తాండ్ర డబ్బా మూత తీయడానికి సిగ్గుపడుతుంటాం. ఆ సిగ్గు మనకు అక్కర్లేదు.

అభ్యాసం

1. మందమైన ఒకే పొర కంటే పలచని తొమ్మిది పొరలు ఎందుకు మేలు?
2. బెల్లం సగానికి తగ్గిస్తే నిల్వ ఉండే కాలం ఏమవుతుంది? కారణం రాయండి.
3. పై లెక్కలో తేమ నూటికి 20 పాళ్లు మిగిలితే తాండ్ర బరువు ఎంత? ఆ తాండ్రను ఎక్కువ రోజులు నిల్వ ఉంచవచ్చా?
4. మీ ఊరి ధరలతో కిలో తాండ్ర అసలు ఖరీదు కట్టండి. అందులో అమ్మ కూలి వాటా నూటికి ఎన్ని పాళ్లు?
5. వేసవి సెలవుల్లో ఒక్క రోజైనా పొర మీరే పరవండి. గంటలు లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి.